ఉపాధ్యాయుడు రాని రోజు

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో తరగతి ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన రోజున ఆయన స్థానంలో వచ్చి, ఆయన రాసిపెట్టిన ప్రణాళిక ప్రకారం తరగతి నడిపి, సాయంత్రం ఏ పాఠం ఎంతవరకు సాగిందో కాగితం మీద రాసిపెట్టి వెళ్ళే వ్యక్తిని సబ్‌స్టిట్యూట్ టీచర్ అంటారు. పిల్లలూ పెద్దలూ వాడుకలో ‘సబ్’ అని మాత్రమే పిలుస్తారు. ఈ పనికి చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం ఇచ్చే లైసెన్సో అనుమతిపత్రమో ఉండాలి. హెచ్-1బి వీసాపై పనిచేసేవారి జీవిత భాగస్వాములకు ఇచ్చే హెచ్-4 వీసా ఉన్నవారిలో, గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన కుటుంబాల వారికి ఉద్యోగం చేసుకునే అనుమతి 2015 మే 26 నుంచి లభించింది. అంతకుముందు ఏళ్ళ తరబడి చదువును పెట్టెలో పెట్టుకుని ఇంట్లో ఉండిపోయిన తెలుగు స్త్రీలలో కొందరు, సొంత పిల్లలను బడికి పంపే వేళలకు సరిపోతుందన్న కారణంతోనూ, ఒకప్పుడు ఊళ్ళో బడిపంతులమ్మ కావాలనుకున్న కోరిక ఇంకా చావకపోవడంవల్లనూ ఈ పనివైపు మొగ్గారు.

ఈ ప్రవాస అనుభవాన్ని ఒక ఉద్యోగావకాశంగా మాత్రమే చూస్తే దానిలోని ముఖ్యమైన విషయం జారిపోతుంది. ఉపాధ్యాయుడు సెలవు పెట్టడం ఆయన హక్కు అయినప్పుడు, ఆ రోజు పాఠం జరగడం పిల్లల హక్కు కావాలి. ఈ రెండు హక్కులనూ ఒకేసారి కాపాడటానికి సమాజం చేసుకునే ఏర్పాటే సబ్ అనే పదవి. అమెరికా ఆ పదవిని సృష్టించుకుంది కానీ దానికి తగిన శిక్షణను చాలాచోట్ల ఏర్పరచుకోలేదు. ఆంధ్రప్రదేశ్ శిక్షణ పొందినవారిని లక్షల సంఖ్యలో తయారుచేసుకుంది కానీ వారిలో ఒక్కరైనా ఆ ఒక్క రోజున బడి తలుపు తీయడానికి తగిన పదవిని ఏర్పరచుకోలేదు. రెండు దేశాల బడులనూ దగ్గరగా ఎరిగిన ప్రవాసికి ఈ రెండు లోపాలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఈ విషయాన్ని పరిశీలించడానికి కృష్ణదేవిపేట తగిన చోటు. నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లో, గొలుగొండ మండలంలో, మన్యం అంచున ఉన్న ఈ ఊరిని చుట్టుపక్కలవారు కె.డి.పేట అంటారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం చేసిన దాడులతో ఈ ఊరి పేరు చరిత్రకెక్కింది. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతంలో ఆయన మరణించిన తరువాత అంత్యక్రియలు జరిగినదీ, ఆయన సమాధి ఉన్నదీ ఇక్కడే. 2022లో జిల్లాలను విభజించినప్పుడు ఈ ఊరు అనకాపల్లి జిల్లాలో ఉండిపోగా, పక్కనున్న కొయ్యూరు, చింతపల్లి మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. అంటే మైదానపు బడుల పద్ధతికీ కొండమీది బడుల పద్ధతికీ మధ్య గడపలా ఉన్న ఊరు ఇది. ఇక్కడి నుంచి పడమరకు, ఉత్తరానికి వెళ్ళేకొద్దీ ఏకోపాధ్యాయ పాఠశాలలు, అంటే ఒకటి నుంచి ఐదు వరకు అన్ని తరగతులకూ ఒకే ఉపాధ్యాయుడు ఉండే బడులు, ఎక్కువగా ఎదురవుతాయి. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలో సైతం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలు చెబుతుంది కనుక, ఏకోపాధ్యాయ పాఠశాల అనేదే ఆ చట్టం దృష్టిలో ఉండకూడని పరిస్థితి. ఉన్న ఆ ఒక్కరికీ జ్వరం వచ్చిన రోజున ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి ప్రాంతం నుంచి వెళ్ళిన స్త్రీ ఒకరు ఇంటర్మీడియట్ తరువాత భీమునిపట్నం డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, పెళ్ళయి, భర్త ఉద్యోగరీత్యా షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లోనో అరోరాలోనో కాపురం పెట్టారని అనుకుందాం. డైట్ అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థ. 1986 జాతీయ విద్యావిధానం తరువాత దేశమంతటా ఇవి ఏర్పడ్డాయి. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు ఎలా నేర్పాలన్నది ఇక్కడ రెండేళ్ళపాటు చెబుతారు. నిజమైన బడుల్లో నిజమైన పిల్లల ముందు నిలబెట్టి, పాఠ్యపథకం రాయించి, పర్యవేక్షకుడు వెనుక బెంచీలో కూర్చుని చూస్తాడు. ఈ శిక్షణ పొందిన స్త్రీకి ఇల్లినాయ్ రాష్ట్రంలో సబ్‌స్టిట్యూట్ లైసెన్సుకు అర్హత ఉండదు. ఆ లైసెన్సుకు సాధారణంగా గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి ఏదో ఒక విషయంలో బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. ఏ విషయంలో అన్నది పట్టింపు లేదు. అదే వీధిలో ఉంటున్న మరో తెలుగు స్త్రీకి మెకానికల్ ఇంజనీరింగులో నాలుగేళ్ళ బి.టెక్. ఉండి, పిల్లలకు పాఠం చెప్పిన అనుభవం ఒక్క గంటైనా లేకపోయినా, ఆమెకు ఆ లైసెన్సు వచ్చే వీలుంది.

మూడేళ్ళ బి.ఏ., బి.ఎస్‌సి. చదివినవారికి ఇంకో చిక్కు ఉంది. విదేశీ డిగ్రీలను అమెరికా డిగ్రీలతో పోల్చి, ఒక్కొక్క కోర్సుకూ ఎన్ని క్రెడిట్లు వస్తాయో లెక్కగట్టే ప్రైవేటు మదింపు సంస్థలు ఉంటాయి. రాష్ట్ర విద్యాశాఖ తాను ఆమోదించిన సంస్థల నివేదికనే తీసుకుంటుంది. భారతదేశంలో మూడేళ్ళకు ముగిసే డిగ్రీని నాలుగేళ్ళ అమెరికన్ డిగ్రీకి సమానంగా లెక్కించడానికి చాలా సందర్భాల్లో ఈ సంస్థలు ఒప్పుకోవు, దానిపైన బి.ఇడి.యో ఎం.ఏ.యో తోడైతే పరిస్థితి మారుతుంది. మార్కుల పత్రాలను విశ్వవిద్యాలయమే సీలు చేసిన కవరులో నేరుగా పంపాలని కోరడం మామూలు. అందువల్ల లైసెన్సు కోసం చేసే పనిలో సగం ఆంధ్రా యూనివర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ, ఊళ్ళో ఉన్న తమ్ముడో మేనమామో తిరగడంతోనే గడుస్తుంది. పాత మార్కుల పత్రంలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు వెనుక ఉన్న స్త్రీకి ఆ రెండు పేర్లూ ఒకరివేనని రుజువు చేసే ప్రమాణపత్రం కూడా కావలసివస్తుంది. ఈ శ్రమంతా శిక్షణలో భాగమని ఎవరూ అనరు కానీ, పట్టుదల లేనివారు ఇక్కడే ఆగిపోతారు.

డిగ్రీ కుదిరినవారు ఇల్లినాయ్ స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటారు. ఐదేళ్ళు చెల్లే లైసెన్సు వచ్చిన తరువాత, ఆ ప్రాంతపు విద్యా కార్యాలయంలో నమోదు చేసుకుని, వేలిముద్రలు ఇచ్చి, రాష్ట్ర పోలీసుల వద్దా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. వద్దా నేరచరిత్ర లేదని తేల్చుకోవాలి. రెండేళ్ళ కాలేజీ చదువుకు సమానమైన 60 సెమిస్టర్ గంటల క్రెడిట్లు మాత్రమే ఉన్నవారి కోసం 2018లో షార్ట్ టర్మ్ సబ్‌స్టిట్యూట్ అనే మరో లైసెన్సును ఇల్లినాయ్ శాసనసభ ఏర్పాటు చేసింది. ఒకే తరగతిలో వరుసగా ఐదు రోజులకు మించి పనిచేయరాదన్నది అప్పట్లో దానికి పెట్టిన హద్దు. తరగతి నిర్వహణ, అత్యవసర సమయాల్లో నడుచుకోవలసిన తీరు, ఆ జిల్లా బడుల నియమాలు నేర్పే చిన్న శిక్షణను స్థానిక పాఠశాల బోర్డే ఇవ్వాలన్నది షరతు. డైట్‌లో చదివిన రెండేళ్ళను మదింపు సంస్థ క్రెడిట్లుగా గుర్తిస్తే, మన ఊహలోని భీమునిపట్నం విద్యార్థినికి ఈ చిన్న తలుపు తెరుచుకోవచ్చు.

ఇతర రాష్ట్రాల నియమాలు వేరు. కాలిఫోర్నియాలో ఉపాధ్యాయ అర్హతల కమిషన్ ఇచ్చే పత్రం పేరే ‘ఎమర్జెన్సీ 30 రోజుల సబ్‌స్టిట్యూట్ అనుమతి’. బ్యాచిలర్ డిగ్రీ, వేలిముద్రల పరిశీలన ఉంటే అది వస్తుంది, ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి. తెలుగువారు దండిగా ఉన్న న్యూజెర్సీలో 60 క్రెడిట్లు చాలన్నది చిరకాలంగా ఉన్న నియమం. టెక్సస్‌లో రాష్ట్రస్థాయి లైసెన్సు లేదు. ఏ అర్హత ఉండాలో ఆయా స్కూల్ డిస్ట్రిక్టులే నిర్ణయించుకుంటాయి.

లైసెన్సు తరువాత అసలు శిక్షణ మొదలవుతుంది. చాలా డిస్ట్రిక్టుల్లో అది ఒక పూట నుంచి రెండు మూడు రోజుల వరకు సాగే పరిచయ కార్యక్రమం, కొన్ని వీడియో పాఠాలు, వాటి చివర చిన్న పరీక్షలు. యూటా స్టేట్ యూనివర్సిటీలో మొదలైన సబ్‌స్టిట్యూట్ టీచింగ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు ఈ పనికే ప్రత్యేకంగా పాఠాలు తయారుచేశాయి. ఇందులో గణితం ఎలా చెప్పాలి, చదవడం ఎలా నేర్పాలి అన్నది దాదాపు ఉండదు. ఉండేదంతా తరగతి చేయిదాటకుండా చూసుకోవడం గురించి, పిల్లల భద్రత గురించి, చట్టం గురించి. ఈ మూడింటిలో చట్టం గురించిన భాగమే భారతదేశంలో శిక్షణ పొందివెళ్ళిన ఉపాధ్యాయురాలికి పూర్తిగా కొత్త, దాని విలువ కూడా ఎక్కువ.

ఆ చట్టభాగంలో మొదటిది, మాండేటెడ్ రిపోర్టర్ అనే బాధ్యత. ఒక పిల్లవాడు ఇంట్లోనో బయటో హింసకో నిర్లక్ష్యానికో గురవుతున్నాడని అనుమానించడానికి తగిన కారణం కనబడితే, దాన్ని ప్రభుత్వ శిశుసంరక్షణ శాఖకు తెలియజేయడం చట్టరీత్యా తప్పనిసరి అయిన వ్యక్తి అని దీని అర్థం. ఇల్లినాయ్‌లో 1975 నాటి చట్టం ప్రకారం ఒక్క రోజు కోసం వచ్చిన సబ్ మీద కూడా ఈ బాధ్యత పడుతుంది. ప్రిన్సిపాల్‌కు చెప్పి ఊరుకుంటే అది నెరవేరినట్టు కాదు, సబ్ స్వయంగా ఫోను చేయాలి. రుజువులు సేకరించడం, నిజానిజాలు తేల్చడం ఆ శాఖ పని. తండ్రి కొట్టాడని పిల్లవాడు చెబితే ‘ఇంటి విషయం’ అని సర్దుకుపోయే వాతావరణంలో పెరిగినవారికి ఈ పాఠం మింగుడుపడటానికి సమయం పడుతుంది. పడిన తరువాత మాత్రం, చిన్నప్పుడు తమ తరగతిలో వాతలు తేలిన చేతులతో వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే గుర్తుకొస్తారు.

రెండవది, వైకల్యం ఉన్న పిల్లల హక్కు. 1975లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం, 1990లో ఐడియా అన్న పేరు తెచ్చుకున్న తరువాత మరింత స్థిరపడి, అర్హత ఉన్న ప్రతి పిల్లవాడికీ ఐ.ఇ.పి. అనే వ్యక్తిగత విద్యాప్రణాళిక ఉండాలంటుంది. ఒకరికి పరీక్షలో అదనపు సమయం, ఒకరికి ముందు వరుసలో సీటు, ఒకరికి గది బయట పది నిమిషాల విరామం: ఆ కాగితంలో రాసి ఉన్నది సబ్ వచ్చిన రోజున కూడా అమలు కావాలి. మూడవది, 1974 నాటి ఫెర్పా చట్టం. పిల్లల మార్కులు, ఆరోగ్యం, ప్రవర్తన గురించిన వివరాలు బయట మాట్లాడకూడదు. గుడి దగ్గర కలిసిన పొరుగింటి తల్లితో ‘మీ అబ్బాయి తరగతికి మొన్న నేనే వెళ్ళాను’ అని చెప్పి అక్కడితో ఆగగలగడం చిన్న సంగతిగా తోచవచ్చు కానీ, తెలుగువారంతా ఒకరికొకరు తెలిసిన శివారుల్లో ఇది గట్టి నిగ్రహాన్ని కోరుతుంది.

పనిరోజు తెల్లవారకముందే మొదలవుతుంది. ఎక్కడ ఏ తరగతికి సబ్ కావాలో చూపే యాప్ ఫోనులో మోగుతుంది; ఒప్పుకున్నవారు గంటలోపే ఇదివరకు చూడని భవనానికి చేరుకుని, కార్యాలయంలో సంతకం చేసి, తాళంచెవీ గుర్తింపు బిళ్ళా తీసుకుంటారు. బల్లమీద సబ్ ఫోల్డర్ ఉంటుంది. ఈ ఏర్పాటు మొత్తంలో అతి విలువైన వస్తువు ఏదంటే ఈ ఫోల్డరే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూపే పటం, గంటల వారీ పాఠాలు, వేరుశనగ సరిపడని పిల్లల పేర్లు, వారికి మందు ఎక్కడుందో, ఏ పిల్లవాడిని సాయంత్రం ఎవరు తీసుకువెళ్ళాలో, అగ్నిప్రమాదం అలారం మోగితే ఏ ద్వారం నుంచి బయటకు నడిపించాలో, సాయుధుడు బడిలోకి వస్తే తలుపు ఎలా బిగించాలో అందులో రాసి ఉంటుంది. ఉపాధ్యాయురాలి మనసులో ఉండే తరగతిని అపరిచితురాలు సైతం నడపగలిగేలా కాగితం మీద పెట్టడం దీని ఉద్దేశం. ఫోల్డర్ బాగా ఉన్న తరగతిలో కొత్త సబ్ నిలదొక్కుకుంటుంది. లేని తరగతిలో అనుభవజ్ఞురాలు కూడా మధ్యాహ్నానికి అలిసిపోతుంది.

పిల్లలు మాత్రం ఫోల్డర్‌ను లెక్కచేయరు. సబ్ వచ్చిన రోజున సీట్లు మార్చుకోవడం, ఒకరి పేరుకు మరొకరు పలకడం, ‘మా టీచర్ ఇలాగే చేయనిస్తారు’ అని ఒట్టేయడం అన్ని దేశాల పిల్లలకూ వచ్చిన విద్య. తెలుగు ఉపాధ్యాయురాలు ఊళ్ళో నేర్చుకున్న కంఠస్వరం ఇక్కడ పనిచేయదు. గద్దించిన కొద్దీ పెద్ద తరగతుల పిల్లలు బిగుసుకుపోతారు. శిక్షణలో చెప్పే సూత్రం ఏమంటే, ముందుగా రెండు మూడు నియమాలు స్పష్టంగా చెప్పి, మాట విన్నవారిని పేరుపెట్టి మెచ్చుకుని, విననివాడితో పదిమందిలో కాక పక్కకు పిలిచి తక్కువ గొంతుతో మాట్లాడాలి. ఇది దొడ్డ సూత్రమే. అయితే దాన్ని విన్నంత మాత్రాన రాదు. పర్యవేక్షకుడు వెనుక బెంచీలో కూర్చుని చూసి సరిదిద్దిన నలభై పాఠాల తరువాత వస్తుంది. డైట్ చదువు దగ్గర ఉన్నదీ సబ్ శిక్షణ దగ్గర లేనిదీ అదే.

అమెరికాలో ఈ శిక్షణ ఎంత పలచనో కరోనా కాలంలో బయటపడింది. 2020లో మిస్సోరి రాష్ట్రం, కాలేజీ క్రెడిట్ల నిబంధనకు ప్రత్యామ్నాయంగా, హైస్కూలు పూర్తిచేసినవారు 20 గంటల ఆన్‌లైన్ శిక్షణతో సబ్ కావచ్చని అనుమతించింది. 2021లో ఆరెగన్ అత్యవసర సబ్ లైసెన్సుకు డిగ్రీ అక్కరలేదంది. 2022 జనవరిలో, ఒమిక్రాన్ ఉద్ధృతిలో ఉపాధ్యాయులు పెద్దసంఖ్యలో జబ్బుపడినప్పుడు, న్యూమెక్సికో గవర్నర్ మిషెల్ లుహాన్ గ్రీషమ్ నేషనల్ గార్డ్ సైనికులనూ ప్రభుత్వోద్యోగులనూ సబ్‌లుగా పంపే కార్యక్రమం ప్రారంభించి, తానూ లైసెన్సు తీసుకుని శాంటాఫేలోని ఒక కిండర్‌గార్టెన్ తరగతికి వెళ్ళారు. ఒక రాష్ట్రాధినేత స్వయంగా పసిపిల్లల గదికి వెళ్ళడంలో గౌరవించదగిన నిజాయితీ ఉంది; బడి మూతపడకూడదన్న పట్టుదల ఉంది. సైనికుడు అక్షరాలు నేర్పగలడా అన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు. ఆ రోజు పిల్లలు భద్రంగా ఉన్నారు, పాఠం ఎంత సాగిందన్నది వేరే విషయం.

ఇది తప్పనిసరి లోపం కాదని ఇతర దేశాలు చూపిస్తాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఈ పనిచేసేవారిని కాజువల్ రిలీఫ్ టీచర్ అంటారు. వారు కూడా శాశ్వత ఉపాధ్యాయుల మాదిరే ఉపాధ్యాయ విద్య పూర్తిచేసి, రాష్ట్ర ఉపాధ్యాయ సంస్థలో నమోదై ఉండాలన్నది అక్కడి సాధారణ నియమం. కెనడాలోని ఒంటారియోలో అకేషనల్ టీచర్‌కు సైతం ఒంటారియో కాలేజ్ ఆఫ్ టీచర్స్ సభ్యత్వం అవసరం. అటువంటివారు దొరకనప్పుడే ఇతరులను పిలుస్తారు. మెల్‌బోర్న్‌కో టొరంటోకో వెళ్ళిన తెలుగు స్త్రీకి ఆ దారి పొడవైనది, మళ్ళీ కళాశాలలో చేరవలసి రావచ్చు. కానీ దాటిన తరువాత ఆమె చేసే పని ఒక వృత్తిగా నిలుస్తుంది.

ఇప్పుడు మన్యం అంచుకు తిరిగి చూస్తే దృశ్యం తలకిందులవుతుంది. ఉపాధ్యాయుడికి కనీస అర్హతలు ఉండాలని విద్యాహక్కు చట్టం 23వ విభాగం నిర్దేశించింది. 2010 ఆగస్టులో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి ఆ అర్హతలతో పాటు టెట్ అనే అర్హత పరీక్షను తప్పనిసరి చేసింది. 2015 నుంచి బి.ఇడి. రెండేళ్ళయింది. ఎక్కువ సర్వీసు మిగిలి ఉన్న పాత ఉపాధ్యాయులు కూడా రెండేళ్ళలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒకవైపు అమెరికా రాష్ట్రాలు అర్హతలను సడలిస్తుంటే, ఇక్కడ అవి బిగుస్తూ వచ్చాయి. అయినా అర్హులకు కొదువ లేదు: 2025లో 16,347 ప్రభుత్వ ఉపాధ్యాయ ఉద్యోగాలకు జరిగిన మెగా డి.ఎస్.సి. పరీక్షకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేశారు. శిక్షణా టెట్ ఉత్తీర్ణతా ఉండి, ఉద్యోగం రాక, ప్రైవేటు బడిలో అతితక్కువ జీతానికో కోచింగ్ సెంటర్ బెంచీ మీదో వయసు కరిగిస్తున్నవారు నర్సీపట్నం చుట్టూ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

వారి ఊరి బడికి ఒక కిలోమీటరు దూరంలో ఉపాధ్యాయురాలు సెలవు పెట్టిన రోజున వారిని పిలవడానికి ఏ ఏర్పాటూ లేదు. ప్రభుత్వ ఉపాధ్యాయుడికి ఏడాదికి 15 సి.ఎల్.లు, అంటే సాధారణ సెలవులు, స్త్రీలకు అదనంగా 5, ప్రసూతికి 180 రోజుల సెలవు ఉన్నాయి. ఇవన్నీ న్యాయమైనవి, పోరాడి సాధించుకున్నవి. అయితే ఆ సెలవు మంజూరు చేసే కాగితంలో ఆ రోజు తరగతి ఎవరు తీసుకుంటారన్న గడికి స్థిరమైన జవాబు లేదు. పెద్ద బడిలో పక్క తరగతి ఉపాధ్యాయుడు రెండు గదుల పిల్లలనూ కలిపి కూర్చోబెడతాడు. ఏకోపాధ్యాయ పాఠశాలకు మండల విద్యాశాఖాధికారి పొరుగు బడి నుంచి ఒకరిని పంపిస్తారు. దీన్ని పని సర్దుబాటు అంటారు, ఒక బడి చిల్లు పూడ్చడానికి మరో బడిలో చిల్లు పెట్టడం దాని ఫలితం. లేదా క్లస్టర్ రిసోర్స్ పర్సన్, ఇటీవల క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్ అని పేరు మారిన ఉద్యోగి, తన సమావేశాలూ లెక్కల పట్టికలూ పక్కనపెట్టి వెళ్ళాలి. ఆ ఉద్యోగికి ఒకే రోజు రెండు బడుల నుంచి కబురు వస్తే ఒకటి మూతపడుతుంది. కొండమీది బడి సంగతి మరీ కష్టం: వానాకాలంలో గెడ్డ, అంటే కొండవాగు, పొంగితే కింది నుంచి పంపినవారు పైకి చేరలేరు.

మన్యంలో ఉపాధ్యాయుడి గైర్హాజరు అనే సమస్యను ప్రభుత్వం ఎన్నడూ గుర్తించలేదని అనలేం. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలను స్థానిక గిరిజనులకు కేటాయిస్తూ 1986లో ఒక ఉత్తర్వు, నూటికి నూరు శాతం కేటాయిస్తూ 2000 జనవరి 10న జీవో 3 వెలువడ్డాయి. మైదానం నుంచి వచ్చే ఉపాధ్యాయులు బడికి సక్రమంగా రాకపోవడం వాటి వెనుక చెప్పిన కారణాల్లో ఒకటి. జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పుకు ఎంతో ముందు ‘మాబడి’ పేరుతో ఐ.టి.డి.ఎ.లు, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు, చదువుకున్న స్థానిక యువకులతో గూడేల్లో బడులు నడిపాయి. ఆ తరువాత విద్యా వాలంటీర్లు, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు వచ్చారు. వీరిలో చాలామంది నిజాయితీగా చెప్పారు, కొందరు అతి తక్కువ గౌరవవేతనానికి ఏళ్ళ తరబడి చెప్పారు. లోపం వారిలో లేదు. ఖాళీగా ఉన్న శాశ్వత ఉద్యోగాన్ని నింపకుండా వాయిదా వేయడానికి తాత్కాలిక నియామకాన్ని వాడుకున్నారు. ఒక రోజు సెలవును పూడ్చవలసిన మనిషిని పది నెలల ఖాళీలో కూర్చోబెట్టి, వేసవి రాగానే తీసివేశారు. మళ్ళీ అటువంటి పథకం అనగానే ఉపాధ్యాయ సంఘాలూ నిరుద్యోగులూ అనుమానంగా చూడటానికి ఈ చరిత్రే కారణం, ఆ అనుమానం సహేతుకం.

అమెరికా పద్ధతి నుంచి నేర్చుకోదగినది సరిగ్గా ఇక్కడ ఉంది. కాలిఫోర్నియా సబ్ ఒక ఉపాధ్యాయుడి స్థానంలో ఏడాదికి 30 రోజులకు మించి, ప్రత్యేక అవసరాల పిల్లల తరగతిలో 20 రోజులకు మించి సాధారణంగా పనిచేయరాదు. న్యూజెర్సీలో సబ్ పత్రం మాత్రమే ఉన్నవారికి ఒకే తరగతిలో వరుసగా 20 రోజులు హద్దు. టెక్సస్‌లో తగిన అర్హతపత్రం లేని వ్యక్తి వరుసగా 30 బోధనదినాలకు మించి తరగతి తీసుకుంటే ఆ సంగతిని తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలపాలని చట్టం చెబుతుంది. ఈ హద్దులు పిల్లలను కాపాడతాయి, శాశ్వత ఉద్యోగాన్నీ కాపాడతాయి. గడువు దాటగానే డిస్ట్రిక్టు తగిన అర్హత గలవారిని వెతకవలసి వస్తుంది కనుక సబ్‌ను చూపించి ఖాళీని దాచిపెట్టడం కష్టమవుతుంది. అత్యవసర కాలంలో ఈ హద్దులను పెంచిన ఉదాహరణలు ఉన్నా, హద్దు అన్నది చట్టంలో రాసి ఉండటమే ఆ పెంపును బహిరంగ నిర్ణయంగా మారుస్తుంది.

గొలుగొండ, కొయ్యూరు వంటి మండలాల్లో ఇటువంటి హద్దులున్న సబ్ పద్ధతిని అమలుచేయడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. డైట్‌లో చెప్పే డి.ఎల్.ఇడి.యో బి.ఇడి.యో చదివి టెట్ ఉత్తీర్ణులైన స్థానికుల జాబితా ప్రతి మండలంలోనూ తయారు చేయవచ్చు; 2021 నుంచి టెట్ ఉత్తీర్ణత జీవితకాలం చెల్లుతున్నది కనుక అర్హత పరిశీలన ఒక్కసారి చాలు. పోలీసు పరిశీలన జరిపి ఏడాదికోసారి పునరుద్ధరించే అనుమతిపత్రం ఇచ్చి, పనిచేసిన రోజుకు ఎస్.జి.టి., అంటే ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడి మూలవేతనంలో ఒక రోజు భాగాన్ని చెల్లించి, ఒక బడిలో ఏడాదికి ఇన్ని రోజులకు మించి పంపరాదని ఉత్తర్వులోనే రాయాలి. ప్రసూతి సెలవు వంటి దీర్ఘకాలానికి వేరే తరగతి అనుమతి, కొంచెం ఎక్కువ వేతనం ఉండాలి. రోజు వేతనం దగ్గర పిసినారితనం చూపితే ఈ ఏర్పాటు విద్యా వాలంటీర్ల బాటలోనే పోతుంది. అందుకే దాన్ని శాశ్వత ఉద్యోగి వేతనానికి ముడిపెట్టడం అన్నిటికంటే ముఖ్యం.

వారికి కావలసిన అదనపు శిక్షణ బోధన గురించి కాదు, అది వారి దగ్గర ఉంది. తనది కాని తరగతిలోకి అడుగుపెట్టి మొదటి అరగంటలో పిల్లల నమ్మకం సంపాదించడం, ఐదు తరగతులను ఒకే గదిలో ఒక్క రోజుకు సర్దడం, హింసకు గురైన పిల్లల విషయంలో చట్టం తమ మీద పెట్టే బాధ్యతను తెలుసుకోవడం, ఇవే వారు నేర్చుకోవలసినవి. 2012 నాటి పోక్సో చట్టం కూడా నేరం గురించి తెలిసినవారు పోలీసులకు తెలపాలని నిర్బంధిస్తుంది, ఆ సంగతి ఎరిగిన ఉపాధ్యాయులు ఇక్కడ తక్కువ. ఈ మూడింటినీ భీమునిపట్నం డైట్ ఒక వారంలో నేర్పగలదు. ఏళ్ళ తరబడి సబ్‌గా పనిచేసిన ప్రవాస తెలుగు స్త్రీలు, సెలవులకు వచ్చినప్పుడు అటువంటి వారంలో ఒక పూట కూర్చుని చెప్పగలిగినది చాలా ఉంది. ఊరి బడికి కంప్యూటర్లు కొనిపెట్టే ప్రవాస సంఘాలకు ఈ రకపు సాయం తట్టకపోవడం విచారకరం.

ఫోల్డర్ సంగతి మిగిలింది. మన్యపు బడి ఫోల్డర్‌లో అమెరికా ఫోల్డర్‌లో లేని ఒక పుట తప్పక ఉండాలి: ఏ పిల్లవాడు ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో. కొయ్యూరు, చింతపల్లి వైపు గూడేల్లో భగత తెగ పిల్లలకు తెలుగే ఇంటిభాష అయితే, కొన్ని గూడేల్లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా ఇంటిభాషలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యను మొదలుపెట్టి ఆ భాషల్లో వాచకాలు అచ్చువేయించింది కూడా. ఒకటో తరగతి పిల్ల మంచినీళ్ళు అడిగితే అర్థం చేసుకోవడానికి కావలసిన ఇరవై మాటలు తెలుగు లిపిలో రాసి ఆ పుటలో ఉంచడం శాశ్వత ఉపాధ్యాయురాలికి ఒక సాయంత్రపు పని. ఆ పుటతో పాటు గెడ్డ పొంగినప్పుడు ఏ పిల్లలను ఏ దారిన పంపాలో, మధ్యాహ్న భోజనం వండే ఆమె పేరేమిటో, తరచూ జ్వరం వచ్చే పిల్లవాడిని ఏ ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాలో రాసి, బడి బీరువాలో మొదటి అరలో పెట్టమని ప్రతి ఏకోపాధ్యాయ పాఠశాలకు మండల కార్యాలయం ఒక ఉత్తర్వు పంపవచ్చు. దానికి ప్రభుత్వ అనుమతి కోసం గానీ నిధుల కోసం గానీ ఆగనక్కరలేదు, వచ్చే జూన్‌లో బడులు తెరిచే నాటికే అది పూర్తికావచ్చు.